హుద్‌హుద్ పోస్టర్‌ను కదిలించే ముందు జాగ్రత్తలు

2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన తుఫాను హుద్‌హుద్ మీద పాత ఇన్ఫోగ్రాఫిక్ పోస్టర్‌ను మళ్లీ గీసి యానిమేషన్ చేయబోతున్నారా? ఫైలు తెరిచే ముందు ఇవి చూసుకోండి.

ముందు అంకెలు. గాలి వేగం నాట్లలో ఉందా, కిలోమీటర్లలో ఉందా? ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. రెండూ కలిపేస్తే బొమ్మ అబద్ధం చెబుతుంది. నష్టాన్ని వృత్తాలతో చూపిస్తే, వ్యాసార్థం రెట్టింపైనప్పుడు వైశాల్యం నాలుగింతలవుతుందని మరవకండి. కొలత వైశాల్యానికే కట్టండి.

తెలుగు దగ్గర తొందర వద్దు. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర ప్రమాణం) కాని పాత 'అను' తెలుగు ఫాంట్లలో ఉన్న పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాకే వాడండి. అక్షరాలు ఒక్కొక్కటే ఎగిరొచ్చే ఎఫెక్ట్ పెడితే ఒత్తులు విడిపోవచ్చు. మాట మొత్తాన్ని ఒకేసారి కదపండి. 'రాష్ట్రం' తెరమీద ముక్కలై కనిపిస్తే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

లేయర్లకు పేర్లు పెట్టండి. అసలు ఫైలుకు కాపీ దాచండి.

తెరమీద మెరుపులు సెకనుకు 3 మించితే మూర్ఛ ఉన్నవారికి ప్రమాదం.

ఆ తుఫాను చూసినవాళ్లు విశాఖలోనే ఉన్నారు. కూలిన చెట్లను గెంతించకండి. మొదటి కూర్పు అయ్యాక విశాఖలోని మత్స్యకారుల పేట పెదజాలరిపేటలో ఎవరికైనా ఫోన్లో, శబ్దం ఆపి చూపించి, ఏం అర్థమైందో అడగండి.