అమెరికా వలస కాలపు కాగితాల్లో తేదీలు చదవడం ఎలా

బ్రిటిష్ వలసల నాటి కోర్టు కాగితాలు, చర్చి రిజిస్టర్లు చదవబోతే ముందు తేదీ దగ్గర ఆగండి. మనకు ఏడాది ఉగాదికి మారినట్టు, 1752కి ముందు వాళ్లకు మార్చి 25న మారేది. అందుకే జనవరి 1 నుంచి మార్చి 24 దాకా చాలామంది రెండేళ్లూ కలిపి 1691/92 అని రాసేవాళ్లు. ఒక్క ఏడాదే ఉంటే ముందూ వెనకా పేజీలు చూడండి, చాలాసార్లు ఒకటి కలపాల్సి వస్తుంది.

మసాచుసెట్స్ వలసలోని సేలంలో, మంత్రగత్తెలన్న అనుమానంతో జనాన్ని విచారించిన కేసే తీసుకోండి. టిటూబా, సారా గుడ్, సారా ఆస్బర్న్‌ల మీద వారెంట్లు ఫిబ్రవరి 29న వచ్చాయి. అది 1691 అనుకుంటే, చివరి ఉరిశిక్షలు అమలైన 1692 సెప్టెంబర్ 22కి ఏడాదిన్నర అవుతుంది. కానీ మన లెక్కలో 1691కి ఫిబ్రవరి 29 ఎక్కడిది? అది 1692. అంటే 19 మందిని ఉరి తీయడం దాకా అంతా ఏడు నెలల్లోపే! ఆ భయం ఎంత వేగంగా పాకిందో ఇక్కడే తెలుస్తుంది. నేను తేదీల మీద ఇంత పట్టుబట్టేది అందుకే.

ఇక రోజులు. 1752లో బ్రిటన్, దాని వలసలు పాత జూలియన్ క్యాలెండర్ వదిలి ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారినప్పుడు, సెప్టెంబర్ 2 తర్వాత నేరుగా 14 వచ్చింది. అంతకుముందు తేదీకి 11 రోజులు కలపండి. 1700 మార్చి కన్నా పాతదైతే 10. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ పుట్టిన 1731/32 ఫిబ్రవరి 11 అలాగే 1732 ఫిబ్రవరి 22 అయింది.

పెన్సిల్వేనియా క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖవాళ్లు) నెలలకు అంకెలే వేసేవాళ్లు. 1752కి ముందు వాళ్ల మొదటి నెల మార్చి. నేనైతే అసలు తేదీని ఉన్నదున్నట్టు పెన్నుతో, మార్చినదాన్ని పక్కనే పెన్సిల్‌తో రాసుకుంటాను.