చిన్న వ్యాపారాన్ని తోటలా పెంచడం ఎలా? ఉద్దానం సాగు నేర్పే పద్ధతులు

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల మీదుగా సాగే ఉద్దానంలో దేశవాళీ కొబ్బరి నాటిన రైతు తొలి గెల కోసం ఆరేడేళ్లు ఎదురుచూస్తాడు. ఆ ఆరేడేళ్లూ ఇల్లు గడవాలి, పిల్లల చదువులు సాగాలి, మొక్కకు నీళ్లూ ఎరువూ అందాలి. సరుకు మంచిదే అయినా ఎన్నో చిన్న వ్యాపారాలు మొదట్లోనే మూతపడటానికి కారణం కాపుకు వచ్చేదాకా నిలబడే ఇలాంటి ఏర్పాటు లేకపోవడమే. అందుకే చిల్లర దుకాణం పెట్టినా, కుట్టుపని చేసినా, ఇంట్లో పచ్చళ్లు తయారుచేసి అమ్మినా, తోట పనులు సాగే వరుసలోనే వ్యాపారం పనులనూ చేసుకుంటూ వెళ్లమని నా సలహా.

1. ముందు నేల చూడండి

ఉద్దానం ఇసుక నేలలో కొబ్బరి, జీడి, పనస నిలుస్తాయి కనుకనే అక్కడివారు వాటిని పెంచారు. మీరు కూడా మీ ఊళ్లో ఎవరి చేతికి ఏ నెలలో డబ్బు వస్తుందో, అది దేనికి ఖర్చవుతుందో ఒక నోటుపుస్తకంలో రాయండి. వరి కోతలు ముగిశాక, వలస వెళ్లినవారు సంక్రాంతికి ఇళ్లకు వచ్చినప్పుడు, వేసవి పెళ్లిళ్లకు, విజయనగరంలోనైతే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి జనం కొనే సరుకు వేర్వేరుగా ఉంటుంది. జీడి పిక్కలు ఎక్కువగా మార్చి నుంచి మే వరకు వస్తాయి. భీమాళి మామిడి తాండ్ర ఎండలు కాసే నెలల్లోనే తయారవుతుంది. ముడిసరుకు చౌకగా దొరికే నెలకూ, తయారైన సరుకు బాగా అమ్ముడయ్యే నెలకూ మధ్య ఎంత పెట్టుబడి నిలిచిపోతుందో తేల్చుకోకుండా దుకాణానికి అడ్వాన్సు ఇవ్వకండి.

2. నారుమడిలోనే ఏరివేయండి

కొబ్బరి నారుమడిలో కావలసినన్ని కాయలకంటే ఎక్కువే వేస్తారు. ఐదారు నెలలు దాటినా మొలకెత్తని కాయలను తీసేస్తారు; మొలిచినవాటిలోనూ మొదలు లావుగా, ఆకులు ఎక్కువగా ఉన్న ఏడాది వయసు మొక్కలనే తోటకు తీసుకువెళతారు. బలహీనమైన మొక్కను జాలిపడి నాటితే, అది కాయదని తేలడానికి ఏళ్లు పడుతుంది. అదేవిధంగా నాలుగైదు రకాల సరుకును తక్కువ మోతాదులో తయారుచేసి, తెలిసినవారికి సైతం ఊరికే ఇవ్వకుండా అసలు ధరకే అమ్మండి. మెచ్చుకున్నవారిని కాక రెండోసారి డబ్బిచ్చి కొన్నవారిని లెక్కపెట్టండి. రెండోసారి ఎవరూ అడగని సరుకును, అది మీకు ఎంత ఇష్టమైనదైనా, అక్కడితో ఆపేయండి.

3. అంతర పంటతో ఇల్లు గడపండి

అన్నిటికంటే ముఖ్యమని నేను భావించే పని ఇది. కొబ్బరి మొక్కలను ఏడున్నర నుంచి ఎనిమిది మీటర్ల ఎడంలో నాటుతారు. తొలి ఏళ్లలో ఆ ఖాళీ అంతా వృథాగా కనిపిస్తుంది, కానీ మొక్కలను దగ్గరగా నాటితే పెద్దయ్యాక ఒకదాని వెలుతురును మరొకటి మింగేస్తుంది. కాబట్టి ఎడాన్ని అలాగే ఉంచి, ఆ మధ్యలో అరటి, కంద, పసుపు వంటివి వేసి ఇంటి ఖర్చు రాబట్టుకుంటారు.

వ్యాపారంలోనూ నెమ్మదిగా ఎదిగే ప్రధాన పనినీ, వెంటనే డబ్బు తెచ్చే చిన్న పనినీ మొదటి రోజు నుంచే విడదీసి చూడాలి. ఉదాహరణకు విజయనగరంలో పెళ్లి బట్టలు కుట్టే దుకాణంగా పేరు తెచ్చుకోవాలనుకునే దర్జీకి ఆ పేరు రావడానికి సమయం పడుతుంది. అంతవరకు ఫాల్స్ కుట్టడం, పాత బట్టలు సరిచేయడం, బడి యూనిఫారాలు కుట్టడం దుకాణం అద్దెను మోస్తాయి. అయితే అంతర పంట ప్రధాన మొక్క మొదట్లోకి రాకుండా చూసినట్టే, ఈ చిన్న పనులకు రోజులో కొన్ని గంటలే కేటాయించి, మిగిలిన సమయాన్ని ప్రధాన పనికే ఉంచాలి.

4. తొలి పూత తుంచండి

జీడి, మామిడి అంటు మొక్కలు నాటిన మొదటి రెండేళ్లలోనే పూత వేస్తాయి. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉన్నా, తెలిసిన రైతు ఆ పూతను తుంచేస్తాడు. కాయకు పోయే బలం వేరుకూ కొమ్మకూ చేరాలని ఆయన ఉద్దేశం. తొలి లాభాన్ని మీరు కూడా ఇంటి ఖర్చుకు వాడవద్దు. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరిచి, అందులోనుంచి మీకు నెలకు ఇంతని ఒక జీతం నిర్ణయించుకుని అంతే తీసుకోండి, మిగిలినదాన్ని పనిముట్లకూ సరుకుకూ వినియోగించండి.

పూతతో పాటు మరొకటి కూడా తుంచాలి. అంటు కట్టిన చోట చిన్న కణుపు కనిపిస్తుంది. దానికి కింద, అంటుకు వేరుగా వాడిన నాటు మొక్క నుంచి కూడా చిగుళ్లు వస్తాయి. అవి నిటారుగా, ఏపుగా పెరుగుతాయి కనుక కొత్తవారు సంతోషిస్తారు. వాటిని వదిలేస్తే మేలురకం కొమ్మ క్రమంగా నీరసించి, చివరకు మిగిలేది నాటు మొక్కే. అందుకే వారం వారం వంగి చూసి, లేతగా ఉన్నప్పుడే వేలితో గిల్లేయాలి. మీ అసలు పనికి సంబంధం లేని ఆర్డర్లు కూడా ఇలాగే కింది నుంచి పుట్టుకొస్తాయి. వాటిని మొదట్లోనే మర్యాదగా కాదనండి.

5. ఎరువు పాదులో వేయండి

కాపుకాసే కొబ్బరి చెట్టుకు పనిచేసే వేర్లలో అధికభాగం మాను చుట్టూ రెండు మీటర్ల లోపు పరచుకుని ఉంటాయి. అందుకే ఎరువును మాను మొదట్లో కుప్పగా పోయకుండా చుట్టూ పాదు చేసి అందులో చల్లుతారు. మీ ఖర్చు కూడా కొనేవారికి చేరే చోట పడాలి: దుకాణం అలంకరణ కంటే శుభ్రమైన ప్యాకింగుకు, సరైన తూకానికి, చెప్పిన రోజుకు సరుకు అందించడానికి ముందు ఖర్చుపెట్టండి. వేరూనని మొక్కకు ఎరువు ఎక్కువైతే వేరు మాడుతుంది, అప్పు విషయమూ అంతే. 2015లో మొదలైన ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు హామీ లేకుండా రుణం తీసుకోవచ్చు. అమ్మకాలు కుదురుకున్నాక దానితో మొదలుపెట్టడం మేలు. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం వద్ద నమోదు చేసుకునే ‘ఉద్యమ్’కు రుసుము లేదు కనుక, దాని కోసం దళారులకు డబ్బు ఇవ్వకండి.

6. తుపానుకు ముందే సిద్ధపడండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖతో పాటు విజయనగరం జిల్లానూ దెబ్బతీసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లను కూల్చివేసింది. కొబ్బరి ఒక్కటే ఆధారంగా బతికిన కుటుంబాలకు ఆ నష్టం ఒక సీజనుతో తీరలేదు. కొత్త మొక్క నాటితే మళ్లీ ఆరేడేళ్లు. అమ్మకాల్లో సగానికి మించి ఒకే దుకాణదారు మీదో, ఒకే కంపెనీ మీదో ఆధారపడి ఉంటే మీరు కూడా ఆ ప్రమాదంలోనే ఉన్నారు. రెండో కొనుగోలుదారును అవసరం రాకముందే వెతకండి. మూడు నెలల అద్దె, జీతాలకు సరిపడే మొత్తాన్ని విడిగా దాచండి. దుకాణానికీ సరుకుకూ బీమా చేయించి, అందులో తుపాను, వరద నష్టాలు కూడా చేరాయో లేదో సెప్టెంబరులోపే చదివి చూసుకోండి. అరువు ఖాతా పుస్తకాన్ని నెలకోసారి ఫోనులో ఫొటో తీసి మరొకరికి పంపి ఉంచండి, తడిసిన పుస్తకం చూపించి బాకీ అడగడం కష్టం.

7. ముదురు తోటలోనే కొత్త మొక్క నాటండి

కొబ్బరి తోట ముదిరి దిగుబడి తగ్గుతున్నప్పుడు, చెట్లన్నిటినీ ఒకేసారి కొట్టేయకుండా వాటి మధ్యలో కొత్త మొక్కలు నాటి, అవి అందివస్తున్నకొద్దీ పాతవాటిని తీసే పద్ధతి ఉంది. మీ మొదటి సరుకు బాగా అమ్ముడవుతున్న కాలంలోనే, వచ్చే లాభంలో కొంత పక్కనపెట్టి రెండో సరుకును నారుమడి స్థాయిలో పరీక్షించండి. దానికి కూడా రెండో దశలో చెప్పిన ఏరివేతే కొలమానం. రెండోసారి అడిగి కొనేవారు కనిపించాక, పాత సరుకు మోతాదును ఏడాదికి కొంత చొప్పున తగ్గించుకుంటూ రండి.