బ్రైడల్ షవర్‌లో అడ్డుతెర మనమే చేద్దాం

బ్రైడల్ షవర్ అంటే బెలూన్లు, కేకేనా? బెంగళూరులో మా ఇంట్లో ఏ అమ్మాయికి పెళ్లి కుదిరినా నేను చేయించేది అడ్డుతెర. జీలకర్ర-బెల్లం వేళ వధూవరుల మధ్య పట్టే ఆ తెరను స్నేహితురాళ్లే తయారుచేసి ఇస్తే ఆ పిల్లకి అంతకంటే ఏం కావాలి!

చిక్‌పేటలో రెండున్నర మీటర్ల తెల్ల నూలు గుడ్డ తీసుకోండి. ముందే ఉతికి గంజి వదిలించాలి, లేకపోతే రంగు సరిగ్గా పట్టదు. మధ్యలో పెన్సిల్‌తో కలశమో, చిలకల జంటో గీసిపెట్టండి. కింద పాత పేపర్లు పరిచి, గుడ్డను బల్లకి బిగించండి. ఫాబ్రిక్ పెయింట్‌ను అరచేతికి స్పాంజితో పలచగా అద్ది, ఒక్కొక్కరూ అంచు వెంబడి ముద్ర వేసి పక్కన పేరు రాయాలి. చిక్కగా పూస్తే చేతి గీతలు అలుక్కుపోతాయి. అమ్మమ్మలు మొహమాటపడతారు, కాబట్టి మొదటి ముద్ర వాళ్లచేతే వేయించండి. ఆ వణికే చేతిరాత ఉన్న తెరకి ఏ డిజైనర్ తెరా సాటిరాదు. రోజంతా ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చేయండి. అందుకే పార్టీని పెళ్లికి కనీసం వారం ముందు పెట్టుకోండి.

రంగులంటే ఇష్టంలేనివాళ్లకి పెళ్లికూతురు పట్టుకునే కొబ్బరి బోండాం, పూసలు, కుందన్లు, జిగురు ఇచ్చేయండి. కె.ఆర్. మార్కెట్ నుంచి మల్లెలు, కనకాంబరాలు తెస్తే పక్కింటి కన్నడ ఆంటీలు కూడా వచ్చి కూర్చుని మాలలు కడతారు.

గోరింటాకు మాత్రం భోజనాలయ్యాకే. ముందే పెడితే చేతులు కట్టేసినట్టే, ఇంకే పనీ సాగదు.