సాల్వేజ్ టైటిల్ మస్టాంగ్: డాలస్‌కు కొత్తగా వచ్చిన వారికి కొన్ని మాటలు

ఏటా ఆగస్టులో కొత్త విద్యార్థులు దిగుతారు. అక్టోబరు వచ్చేసరికి నాకు ఒకే రకం ఫోను వస్తుంది. "అన్నా, 2018 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, ఎర్ర రంగు, పన్నెండు వేల డాలర్లే. సాల్వేజ్ టైటిల్ అంటున్నాడు. చిన్న దెబ్బేనట. తీసుకోవచ్చా?" అడిగేవాడు మనసులో అప్పటికే ఆ కారెక్కి ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కో దాకా ఒక చుట్టు తిరిగి వచ్చాడని గొంతులోనే తెలిసిపోతుంది. వద్దంటే ఇంకొకరిని అడుగుతాడు. అందుకే నేను వద్దనను. ఏం చూడాలో చెబుతాను. చూసి వచ్చాక చాలామంది తమంతట తామే మానుకుంటారు.

ముందు ఆ మాటకు అర్థం తెలుసుకోండి. ఇక్కడ కారు యాజమాన్య పత్రాన్ని టైటిల్ అంటారు. దాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది. మన ఆర్‌సీ లాంటిదే కదా అనిపిస్తుంది. కానీ ఆర్‌సీలో యజమాని పేరు, ఇంజిన్ నంబరు, బ్యాంకు అప్పు లాంటివి ఉంటాయే తప్ప కారు ఎప్పుడు ఎంత గట్టిగా గుద్దుకుందో ఉండదు. ఇక్కడి టైటిల్ మీద ఆ గతం కూడా ముద్ర పడుతుంది. మరమ్మతు ఖర్చు కారు విలువలో ఒక హద్దు దాటితే అది సాల్వేజ్. ఆ హద్దు రాష్ట్రానికో రకం: న్యూయార్క్‌లో 75 శాతం, ఫ్లోరిడాలో 80 శాతం, మన టెక్సాస్‌లో ఏకంగా 100 శాతం. అంటే ప్రమాదం వల్ల టెక్సాస్‌లో సాల్వేజ్ ముద్ర పడిన కారును బాగుచేయడానికి ఆ కారు ధర కంటే ఎక్కువ అవుతుందని లెక్కకట్టారన్న మాట. ఇక "చిన్న దెబ్బ" ఎక్కడిది? దీనికి రెండో వైపు కూడా ఉంది. ధరలో 80 శాతం మరమ్మతు అవసరమైన కారు కూడా ఇక్కడ ముద్ర లేకుండా తిరగవచ్చు. కాబట్టి క్లీన్ టైటిల్ అన్న మాట విని కూడా కళ్లు మూసుకోకండి.

సాల్వేజ్, రీబిల్ట్ ఒకటి కావు. టెక్సాస్‌లో సాల్వేజ్ టైటిల్ ఉన్న కారును రోడ్డు మీద నడపకూడదు. బాగుచేసి, కాగితాలు దాఖలు చేసి, "రీబిల్ట్ సాల్వేజ్" అన్న ముద్రతో కొత్త టైటిల్ తీసుకున్నాకే నంబరు ప్లేటు వస్తుంది. "నాన్‌రిపేరబుల్" అని ఉంటే అది ఇక ఎప్పటికీ రోడ్డెక్కదు, విడిభాగాలకే పనికొస్తుంది. అమ్మేవారు ఈ మూడింటినీ కలిపి మాట్లాడతారు. టైటిల్ కాగితాన్ని మీ కళ్లతో చదవండి, ఫోటో తీసుకోండి.

నా కథ చెబుతాను. వచ్చిన రెండో ఏడాది నేనూ ఒక రీబిల్ట్ కూపే (రెండు తలుపుల కారు) కొన్నాను. దాని పేరు, అమ్మినవారి పేరు ఇప్పుడు అనవసరం. నిజం చెప్పాలంటే కారు మూడేళ్లు ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది అమ్మేటప్పుడు వచ్చింది. ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారింది, చేతిలో మూడు వారాలే ఉన్నాయి. నాలుగు డీలర్‌షిప్పులు తిరిగాను. ముగ్గురు టైటిల్ చూడగానే వద్దన్నారు, నాలుగో ఆయన చెప్పిన ధరకు నవ్వు వచ్చింది. కొనడానికి వచ్చిన ఇద్దరికి బ్యాంకు అప్పు ఇవ్వలేదు. చివరికి కొన్న ధరలో మూడో వంతుకు ఒక మెకానిక్‌కు ఇచ్చి విమానం ఎక్కాను. కొన్నప్పుడు మిగిలిందనుకున్న డబ్బంతా అక్కడే పోయింది.

మీ పరిస్థితి అంతకంటే ఇరుకు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవారికి చదువు లేదా ఓపీటీ (చదువుకు సంబంధించిన పని అనుమతి) ముగిశాక 60 రోజుల గడువు ఉంటుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉండి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు. ఆ రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేయాలి, సామాను సర్దాలి, కారు అమ్మాలి. ఇక్కడే పుట్టి పెరిగిన వాడు రీబిల్ట్ కారును గ్యారేజీలో పెట్టి మంచి బేరం కోసం ఏడాది ఆగగలడు. మనకు ఆ వెసులుబాటు లేదు. ఎంతకు దొరుకుతుందన్నది ఒక్కటే చూడకండి, 60 రోజుల్లో ఎంతకు పోతుందన్నది కూడా చూడండి. ముద్ర ఉన్న కారు అదే మోడల్ క్లీన్ కారు కంటే సాధారణంగా 20 నుంచి 40 శాతం తక్కువ పలుకుతుంది. తొందర పడి అమ్మితే ఇంకా దిగుతుంది.

అయినా సరే అంటారా, అప్పుడు మొదట అడగాల్సింది బాగుచేయక ముందు తీసిన ఫోటోలు. ఈ ఒక్కటి అడగడం వల్ల నేను చూసిన బేరాల్లో సగం అక్కడికక్కడే ముగిశాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు ఇలాంటి కార్లను ఎక్కువగా కోపార్ట్, ఐఏఏ వంటి వేలం సంస్థల ద్వారా అమ్ముతాయి. కారు గుర్తింపు కోసం ఉండే 17 అంకెలు, అక్షరాల విన్ నంబరును గూగుల్‌లో వెతికితే వేలం నాటి ఫోటోలు చాలాసార్లు దొరుకుతాయి. ఒకసారి "బంపర్ మాత్రమే మార్చాం" అన్న మస్టాంగ్ వేలం నాటి ఫోటో వెతికి తీస్తే ముందు చక్రం తలుపు దగ్గరికి వచ్చి ఉంది. ఫోటో చూపిస్తే అమ్మే ఆయన అది వేరే కారు అన్నాడు. విన్ ఒకటే.

విన్‌తోనే మరో రెండు పనులు చేయండి. ఎన్ఐసీబీ అనే ఇన్సూరెన్స్ మోసాల నిరోధక సంస్థ వారి విన్‌చెక్ ఉచితం, 24 గంటల్లో ఐదు కార్ల దాకా చూడవచ్చు. దాంతో పాటు ఎన్‌ఎంవీటీఐఎస్ అనే జాతీయ టైటిల్ సమాచార వ్యవస్థ నివేదిక కొద్ది డాలర్లకు కొనండి. ఒక రాష్ట్రంలో ముద్ర పడిన కారును ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లి ముద్ర లేని టైటిల్ సంపాదించే మోసాన్ని టైటిల్ వాషింగ్ అంటారు. దాన్ని పట్టుకోవడానికి పాత రాష్ట్రాల వివరాలు కావాలి.

ముద్ర ఎందుకు పడిందన్నది కూడా ముఖ్యం. దొంగలు ఎత్తుకెళ్లి చక్రాలు, సీట్లు పీక్కున్న తర్వాత దొరికిన కారు, వడగళ్ల వానకు పై రేకులు సొట్టలు పడిన కారు, ఈ రెండూ కాస్త నయం. ముందు భాగం నుజ్జయినదైతే చట్రం సంగతి తేల్చుకోవాలి. వరదలో మునిగినదైతే మాట్లాడకుండా వెనక్కి రండి. 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు లక్షల కార్లు పాడయ్యాయి. నీళ్లు తాగిన వైర్ల జబ్బు రెండేళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చివర బురద గీత ఉందేమో చూడండి. డిక్కీలో స్టెప్నీ గుంటలో తడి, సీట్ల కింద పట్టాల మీద తుప్పు, కొత్త కార్పెట్ వాసన, అన్నీ సాక్ష్యాలే.

మస్టాంగ్‌కు విడిగా చట్రం ఉండదు, ఒళ్లే చట్రం. పైకి రంగు మెరుస్తూ ఉన్నా లోపలి రేకు వంకర పోయి ఉండవచ్చు. పైన పటారం, లోన లొటారం. అందుకే మామూలు మెకానిక్ దగ్గరికి కాకుండా మీకు తెలిసిన, అమ్మేవారికి సంబంధం లేని బాడీ షాపుకు తీసుకెళ్లి కొలతలు తీయించండి. నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించి ముద్రించిన కాగితం అడగండి. ఎంత సర్దినా కొలతలు హద్దులోకి రాకపోతే ఏదో వంగి ఉంది. దీనికి రెండు మూడు వందలు పెట్టడానికి వెనకాడేవారిని చూస్తే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు అనిపిస్తుంది.

ఎయిర్‌బ్యాగ్ లైటు గురించి కాస్త గట్టిగా చెబుతాను. తాళం తిప్పినప్పుడో, బటన్ నొక్కినప్పుడో ఆ లైటు వెలిగి కొన్ని క్షణాల్లో ఆరాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే ఎవరో ఆ లోపాన్ని దాచి ఉండవచ్చు. 2024లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఎయిర్‌బ్యాగ్‌ను ఉబ్బించే నాసిరకం ఇన్‌ఫ్లేటర్ల మీద హెచ్చరిక జారీ చేసింది. ప్రమాదమైన కార్లలో పేలిపోయిన బ్యాగుల స్థానంలో చవక రకం పెడుతున్నారు. మళ్లీ గుద్దుకున్నప్పుడు అవి పగిలి లోహపు ముక్కలు దూసుకొచ్చి మనుషులు చనిపోయారు. బ్యాగులు ఎక్కడ కొన్నారో రసీదు చూపమనండి. చూపలేకపోతే ఆ కారు నాకైతే వద్దు.

ప్రభుత్వం తనిఖీ చేసే ఉంటుందిలే అన్న ధీమా పెట్టుకోకండి. న్యూయార్క్‌లో సాల్వేజ్ కారుకు చేసే పరీక్ష దొంగిలించిన విడిభాగాల కోసమే, భద్రత కోసం కాదు. టెక్సాస్‌లోనైతే సొంత కార్లకు ఏటా చేసే భద్రతా తనిఖీ 2025 జనవరి 1 నుంచి లేదు. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. అమ్మే ముందు లోపాల కోడ్లు చెరిపేసిన కారు ఆ పరీక్షలో "సిద్ధంగా లేదు" అని వెనక్కి వస్తుంది. ఆ కోడ్లను చదివే చిన్న ఓబీడీ స్కానరు పెట్టి చూస్తే మీకూ ఆ సంగతి కనబడుతుంది.

బేరం కుదిరే ముందు ఇన్సూరెన్స్ వారికి ఫోను చేసి విన్ చెప్పండి. టెక్సాస్‌లో తప్పనిసరి అయిన 30/60/25 లయబిలిటీ (ఒకరి గాయాలకు 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో అందరి గాయాలకు కలిపి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు) దొరుకుతుంది. కానీ అది ఎదుటివారికి జరిగిన నష్టానికే. మీ కారుకు రక్షణ ఇచ్చే కొలిజన్, కాంప్రిహెన్సివ్ చాలా కంపెనీలు రీబిల్ట్‌కు ఇవ్వవు. ఇచ్చినా ప్రమాదం తర్వాత తక్కువ విలువ కడతాయి. 25 ఏళ్లు నిండని, ఇక్కడ డ్రైవింగ్ చరిత్ర లేని వాడికి 5 లీటర్ల వీ8 ఇంజిన్ కారంటే ప్రీమియం ఎంత చెబుతారో వినే దాకా కారు ధర గురించి ఆలోచించకండి.

పన్నులో ఒక మెలిక ఉంది. వ్యక్తి దగ్గర కొంటే 6.25 శాతం పన్నును మీరిచ్చిన ధర మీద వేయవచ్చు, రాష్ట్రం లెక్కగట్టిన ప్రామాణిక విలువలో 80 శాతం మీద వేయవచ్చు, ఏది ఎక్కువైతే అది. ప్రామాణిక విలువ 20,000 అనుకుంటే, పన్నెండు వేలకు కొన్నా పదహారు వేల మీద 1,000 డాలర్లు కట్టాలి. కొన్న 20 పనిదినాల లోపు ధ్రువీకరించిన అప్రైజల్ (కారు విలువ అంచనా పత్రం) తీసుకుంటే ఆ విలువ మీద కట్టవచ్చు. ఇది తెలియక ఎక్కువ కట్టినవారిని చాలామందిని చూశాను.

డబ్బు చేతులు మారేటప్పుడు టైటిల్ మీద ఉన్న పేరు, అమ్మేవారి గుర్తింపు కార్డు మీద ఉన్న పేరు ఒకటేనా చూడండి. "మా స్నేహితుడి కారు" అంటే ఆ స్నేహితుడినే రమ్మనండి. ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి అక్కడే పేరు మార్పించుకోండి. రానన్నవాడితో బేరం వద్దు.

మోజు మాత్రం తీరకుండా ఉంటే, విమానాశ్రయంలో మస్టాంగ్‌లు అద్దెకు దొరుకుతాయి. శని, ఆదివారాలు తిప్పి ఇచ్చేయండి. 25 నిండకపోతే రోజుకింత అదనంగా వేస్తారు, అది ముందే అడిగి తెలుసుకోండి.