గిటార్ పుట్టిన సంవత్సరాన్ని ఎంతవరకు నమ్మాలి?

సెకండ్ హ్యాండ్ గిటార్ కొనబోయే ముందు ఎవరో ఒకరు నాకు ఫోటో పంపుతుంటారు. మొన్న ఒక కుర్రాడు పంపాడు. "అన్నా, ఇది 78ది అంట. ఆ ఏడు మంచిదేనా? తీసుకోవచ్చా?" ఫోటోలో హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పైచివర), దాని మీద సీరియల్ నంబర్, అంతే. నెక్‌ని, అంటే తీగలు నొక్కే పొడుగు భాగాన్ని, పక్క నుంచి ఒక ఫోటో తియ్యి, బరువెంతుందో తూచి చెప్పు అన్నాను. నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి అనుకున్నాడేమో, రెండు గంటలు మెసేజ్ లేదు.

వాడి ప్రశ్నలో తప్పేం లేదు. నేనూ ఆ ప్రశ్నతోనే మొదలయ్యాను. ఏళ్ల తరబడి గిటార్లు విప్పి, బిగించి, ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు గీతలు) అరగదీశాక నాకు మిగిలిన అభిప్రాయం ఇది: సంవత్సరం తెలిస్తే గిటార్‌లో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అది బాగుందో లేదో తెలియదు. ఈ రెండూ ఒకటే అనుకుని ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాను. ఆ కథ కింద చెప్తాను.

మంచి ఏళ్లు, చెడ్డ ఏళ్లు అన్న పేరు ఎలా వచ్చింది

ఫెండర్ కంపెనీ గిటార్ల విషయంలో అందరూ గీసే గీత 1965 జనవరి. లియో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్ అనే రేడియో, టీవీ సంస్థకి అమ్మింది అప్పుడే. అంతకు ముందువి బంగారం, తర్వాతవి ఇత్తడి అన్నట్టు మాట్లాడతారు. యజమాని మారిన మర్నాడు ఫ్యాక్టరీలో చెక్క మారలేదు, యంత్రాలు మారలేదు, పనివాళ్లూ మారలేదు. మార్పులు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1965 చివర్లో స్ట్రాటోకాస్టర్ మోడల్ (ముద్దుగా స్ట్రాట్) హెడ్‌స్టాక్ పెద్దదయింది. 60ల చివర్లో పల్చటి నైట్రో లాకర్ పూత బదులు మందపాటి పాలిస్టర్ పూత వచ్చింది. 1971లో స్ట్రాట్ నెక్‌ని పట్టి ఉంచే నాలుగు స్క్రూలు మూడయ్యాయి. 70ల చివరికి చాలా బాడీలు బాగా బరువెక్కాయి. పదిహేనేళ్ల పాటు మెల్లగా పేరుకున్న మార్పులివి. పైగా వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో జిమి హెండ్రిక్స్ చేతిలో ఉన్న తెల్ల స్ట్రాట్ 1968ది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాట్ 1969ది, 2019 వేలంలో 39 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. రెండూ ఇత్తడి కాలం నాటివే.

ఇంకో పెద్ద కంపెనీ గిబ్సన్‌లో పూజలందుకునేది 1958 నుంచి 1960 వరకు వచ్చిన సన్‌బర్స్ట్ రంగు లెస్ పాల్ మోడల్. అప్పట్లో అది సరిగా అమ్ముడుపోలేదు. 1961కల్లా ఆ ఆకారాన్నే పక్కన పెట్టి, ఇప్పుడు మనం ఎస్‌జీ అంటున్న రెండు కొమ్ముల గిటార్‌ని తెచ్చారు. 60ల మధ్యలో ఎరిక్ క్లాప్టన్, మైక్ బ్లూమ్‌ఫీల్డ్ లాంటి గిటారిస్టులు పాత లెస్ పాల్స్ పట్టుకున్నాకే జనం వెతకడం మొదలుపెట్టారు. 1968లో కంపెనీ మళ్లీ లెస్ పాల్ చేయక తప్పలేదు. ఆ ఏళ్ల గొప్పదనంలో సగం వాటిని ఎవరు వాయించారన్నదే.

మిగతా సగం నిజమే, కాదనను. సేత్ లవర్ రూపొందించిన హంబకర్ అనే పికప్ (తీగ కంపనాన్ని ఆంప్‌కి అందించే భాగం) 1957లో లెస్ పాల్‌లోకి వచ్చింది. పేటెంట్‌కి దరఖాస్తు పెట్టినట్టు (Patent Applied For) అడుగున చిన్న స్టిక్కర్ ఉండేది కాబట్టి వాటిని పీఏఎఫ్ అంటారు. వాటి శబ్దం కోసం ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. తమాషా ఏంటంటే అవి కూడా ఒకదానిలా ఒకటి ఉండవు. కాయిల్‌కి తీగ దాదాపు 5000 చుట్లు చుట్టాలి, కానీ ప్రతిదానికీ కచ్చితంగా అన్నే చుట్లు పడలేదు. అయస్కాంతాలూ అన్నీ ఒకే రకం కావు. అందుకే 59లో పుట్టిన రెండు గిటార్లు పక్కపక్కన వాయిస్తే ఒకటి గంటలా మోగుతుంది, ఇంకోటి ముక్కుతో మాట్లాడినట్టుంటుంది. ఏ 59 గొప్పది అని అడగాలి తప్ప 59 గొప్పదా అని అడిగితే లాభం లేదు.

జపాన్ కథ వేరు. ఫెండర్ జపాన్ 1982లో మొదలైంది. తొలి గిటార్లు ఫుజిజెన్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి, 84 దాకా సీరియల్ నంబర్ ముందు 'జేవీ' ఉండేది. పాత 57, 62 మోడళ్ల కొలతలు ముందు పెట్టుకుని శ్రద్ధగా చేసినవి. సంవత్సరం చూసి కొంచెం ధైర్యం తెచ్చుకోదగ్గ కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

చెడ్డ ఏడు అన్నప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి

ఆ ఏటి లోపం మార్చగలిగేదా, మార్చలేనిదా? నేను మొదట చూసేది ఇదే. పికప్, ట్యూనర్ (తీగ బిగించే మర), నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ), బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు), వైరింగ్, చివరికి ఫ్రెట్లు కూడా మార్చుకోవచ్చు. బరువు, నెక్ వెడల్పు, నెక్ లావు, బాడీలో నెక్ కూర్చునే గాడి, ఇవి మన చేతిలో లేవు.

2015 గిబ్సన్‌లను తీసుకోండి. వాటంతటవే శ్రుతి చేసుకునే మోటార్ ట్యూనర్లు, ఇత్తడి నట్, వెడల్పాటి నెక్ వచ్చాయి. చాలామందికి నచ్చలేదు, మరుసటి ఏడే కంపెనీ పాత పద్ధతి గిటార్లు కూడా మళ్లీ మొదలుపెట్టింది. ట్యూనర్లు, నట్ ఒక సాయంత్రం పని. నెక్ వెడల్పు మాత్రం అంతే. మీ చేతివేళ్లు పొడుగైతే ఆ వెడల్పే మీకు నచ్చవచ్చు, అప్పుడు మీకది మంచి ఏడే.

70ల గిబ్సన్‌ల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఒకదానికి నేను ఒప్పుకోను. హెడ్‌స్టాక్ వెనక, నెక్ మొదలయ్యే చోట చెక్క బుడిపెలా ఉంటుంది. వాల్యూట్ అంటారు. అది ఉంటే ఆ గిటార్ చెడ్డ కాలంది అని మొహం తిప్పేసుకుంటారు. గిబ్సన్ నెక్ విరిగితే విరిగేది సరిగ్గా అక్కడే, దాన్ని గట్టి చేయడానికే ఆ బుడిపె పెట్టారు. చూడ్డానికి అందంగా లేదంటే సరే. లోపం అంటే మాత్రం ఎలా?

మూడు స్క్రూల ఫెండర్ నెక్‌ది కూడా ఇంచుమించు ఇదే గొడవ. తప్పు మూడో స్క్రూది కాదు. గాడి వదులుగా కోసేస్తే నాలుగున్నా నెక్ కదులుతుంది, బిగువుగా కోస్తే మూడు చాలు. చేత్తో చూస్తే తెలిసిపోతుంది. ఒక చేత్తో బాడీ పట్టుకుని, ఇంకో చేత్తో హెడ్‌స్టాక్‌ని మెల్లగా పక్కకి నెట్టండి. సన్న తీగ ఫ్రెట్‌బోర్డ్ అంచు దాటిపోతుంటే వదిలేయండి. కదలకపోతే 1974 అయినా, 1978 అయినా భయం లేదు.

సంవత్సరం నిజమో కాదో చూసుకోవడం

అమ్మేవాడు చెప్పిన సంవత్సరానికి ఎక్కువ ఇవ్వబోతుంటే ఈ పని తప్పనిసరి. సీరియల్ నంబర్ ఒక్కటీ చాలదు. గిబ్సన్ 60లలో ఒకే నంబర్లను వేర్వేరు ఏళ్లలో మళ్లీ వాడింది. 1977 నుంచి పద్ధతి తేలికైంది: ఎనిమిది అంకెల్లో మొదటిది, ఐదోది కలిపితే సంవత్సరం, మధ్యలో మూడూ ఆ ఏట ఎన్నో రోజో చెప్తాయి. 82765501 అంటే 1985లో 276వ రోజు, అంటే అక్టోబర్ 3. ఫెండర్‌కి 1976 దాకా నంబర్ నెక్ వెనక ఇనుప ప్లేటు మీద ఉండేది. ఆ ప్లేట్లు డబ్బాలోంచి చేతికి ఏది వస్తే అది తీసి బిగించారు, వరస ఉండదు. తర్వాత హెడ్‌స్టాక్ మీదకి వచ్చింది: 70లకి 'ఎస్' (S), 80లకి 'ఈ' (E), 90లకి 'ఎన్' (N). ముందే అచ్చు వేయించుకున్న స్టిక్కర్లు మిగిలితే తర్వాతి ఏడు కూడా అంటించేశారు, కాబట్టి ఏడాది రెండేళ్ల తేడా మామూలే.

స్క్రూలతో బిగించిన నెక్ అయితే, యజమాని ఒప్పుకుంటే, విప్పి చూడండి. ముందు తీగలు పూర్తిగా వదులు చేయాలి. మామూలు స్క్రూడ్రైవర్‌తో చేత్తోనే తిప్పాలి, డ్రిల్ వద్దు. నెక్ మడమ (బాడీలో కూర్చునే చివర) మీద పెన్సిల్ రాతో ముద్రో చాలాసార్లు ఉంటుంది. అది నెక్ తయారైన తేదీ, గిటార్ మొత్తానిది కాదు. లెస్ పాల్ నెక్ జిగురుతో అంటించి ఉంటుంది కాబట్టి దాని జోలికి పోకండి. నవ్వకండి, ఒకాయన స్క్రూలు ఎక్కడున్నాయని నన్నే అడిగాడు.

చివరిది పాట్ కోడ్. వాల్యూమ్ నాబ్ కింద, లోపల ఉండే గుండ్రటి పాట్ (శబ్దం పెంచి తగ్గించే పొటెన్షియోమీటర్) మీద అంకెలు కొట్టి ఉంటాయి. టార్చి, చిన్న అద్దం ఉంటే చాలు. మొదటి మూడు తయారీదారువి: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. తర్వాత రెండు సంవత్సరం, ఆఖరి రెండు వారం. 3046632 అంటే స్టాక్‌పోల్, 1966, 32వ వారం. 50ల నాటి కోడ్‌లలో సంవత్సరానికి ఒకే అంకె ఉంటుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుండాలి: పాట్ తయారయ్యాకే గిటార్ తయారవుతుంది. ఫెండర్ 1966లో పాట్లు కుప్పలుగా కొని పెట్టుకుంది, 60ల చివరి గిటార్లలోనూ అవే కనిపిస్తాయి. 69 గిటార్‌లో 66 పాట్ ఉంటే అనుమానం అక్కర్లేదు. 66 అని చెప్పిన గిటార్‌లో 73 పాట్ ఉంటే ఎవరో మధ్యలో చెయ్యి పెట్టారన్నమాట.

నా కథ సరిగ్గా అదే. ఏ కంపెనీది, ఎవరి దగ్గర కొన్నానన్నది వదిలేద్దాం. 60ల మధ్యదని చెప్పారు. నెక్ విప్పితే ముద్ర ఉంది, తేదీ కరెక్టే. ఆ ముద్ర చూశాక నాకు ఇంకేమీ కనిపించలేదు. ఇంటికొచ్చి తీరిగ్గా పిక్‌గార్డ్ (బాడీ ముందువైపు పలక) ఎత్తితే పాట్ మీద 1377320. పికప్‌లు కూడా పాతవి కావు. అది పోతే పోయిందనుకోవచ్చు, శబ్దం బాగానే ఉంది. అసలు దెబ్బ నెక్‌లో ఉంది. ముందుకు వంగింది, సరిచేద్దామని ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) తిప్పబోతే దాని బిగింపు మర అప్పటికే చివరిదాకా బిగించేసి ఉంది. ఇంక తిరగడానికి చోటు లేదు. ఆ తేదీ నూటికి నూరుపాళ్లు నిజం, ఆ నెక్ మాత్రం పనికిరాదు.

చేతిలోకి తీసుకున్నాక

ఆంప్‌లో పెట్టకుండా ముందు ఉత్తినే 'ఈ' (E) కార్డ్ కొట్టండి. బాడీ పొట్టకి ఆనించుకుంటే కంపనం తెలియాలి. తర్వాత ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్. విసుగ్గా ఉంటుంది, అయినా చేయండి. సన్న తీగని 12 నుంచి 15వ ఫ్రెట్ మధ్య గట్టిగా బెండ్ చేసి చూడండి, శబ్దం మధ్యలో చచ్చిపోతే ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నట్టు.

నెక్ వంపు చూడటానికి లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, 17వ ఫ్రెట్ దగ్గర ఇంకో వేలితో నొక్కి పట్టండి. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య పల్చటి విజిటింగ్ కార్డ్ దూరేంత సందు ఉంటే చాలు. ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతుందో లేదో అడగండి, వీలైతే పావు చుట్టు మీ ముందే తిప్పించండి. నేను అడగనిది ఇదే.

గిబ్సన్ అయితే హెడ్‌స్టాక్ వెనక టార్చి అడ్డంగా వేసి చూడండి. విరిగి అతికించిన చోట రంగు కింద సన్నటి గీత కనిపిస్తుంది. బాగా అతికించింది వాయించడానికి పనికొస్తుంది, కానీ ధర ఆ సంగతి తెలిసిన ధర కావాలి. నాబ్ తిప్పితే కరకరలాడితే బెంగ పెట్టుకోకండి, క్లీనర్ స్ప్రేతో పోతుంది.

బరువు మాత్రం నిలబడి చూడాలి. బెల్టు తగిలించుకుని ఇరవై నిమిషాలు. మూడున్నర కిలోలు హాయిగా ఉంటుంది. నాలుగున్నర దాటితే ఒళ్లు చెప్తుంది.

రెండు గంటల తర్వాత ఆ కుర్రాడు ఫోటో పంపాడు. నెక్ తిన్నగా ఉంది, తీగలు అంచుకి దూరంగా ఉన్నాయి. నెట్టి చూశావా అంటే కదల్లేదన్నాడు. బరువు నాలుగు కిలోల ఎనిమిది వందలు. "నిలబడి వాయిస్తావా, కూర్చునా?" అన్నాను. ఇంట్లోనే కదా అన్నా, కూర్చునే అన్నాడు. అయితే తీసుకో అన్నాను. తీసుకున్నాడు. మొన్న వీడియో పంపాడు, స్టూల్ మీద కూర్చుని ఉన్నాడు.