నెలలు నిండకముందు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్: తెలుసుకోవలసిన జాగ్రత్తలు

నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బిడ్డ ఊపిరితిత్తుల్లోని గాలితిత్తుల (గాలి నిండే చిన్న గదుల) మీదనే కాక, వాటిని అల్లుకున్న రక్తనాళాల మీద కూడా పనిచేస్తుంది.

కడుపులో బిడ్డకు ప్రాణవాయువు మాయ నుంచే అందుతుంది కనుక ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుని ఉంటాయి. రక్తంలో అధికభాగం ఊపిరితిత్తులకు వెళ్లకుండా, డక్టస్ ఆర్టీరియోసస్ అనే నాళం గుండా పెద్ద ధమనిలోకి చేరుతుంది. పుట్టి తొలి ఊపిరి తీసిన క్షణాల్లోనే ఆ బిగువు సడలాలి. స్టెరాయిడ్ వల్ల గాలితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ పెరుగుతుంది, వాటి గోడలు పలుచబడతాయి. నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైమ్ కూడా పెరిగినట్లు గొర్రె పిండాల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. అయితే మందు పదేపదే ఇచ్చినప్పుడు గొర్రెపిల్లల బరువు తగ్గింది, గాలితిత్తుల సంఖ్యా తగ్గింది. అందుకే "ఎందుకైనా మంచిది, ఇంకో కోర్సు వేయండి" అని మనంతట మనం అడగకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం వారాల లెక్క. మన దేశ మార్గదర్శకాల ప్రకారం 24 నుంచి 34 వారాల మధ్య డెక్సామెథాసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకసారి నాలుగు డోసులు ఇస్తారు. కోర్సు మొదలైన 24 గంటల తర్వాత, వారం లోపు కాన్పయితే మేలు ఎక్కువ. మన దేశంతో సహా ఆరు దేశాల్లో జరిగి 2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈ మందు వాడకాన్ని విస్తరించిన ప్రాంతాల్లో శిశుమరణాలు తగ్గకపోగా పెరిగాయి. మందు అందిన వారిలో చాలామందికి నిజానికి నెలలు తక్కువ కాన్పు కాలేదు. కాబట్టి వారాల లెక్క సరిగ్గా తేలేందుకు తొలి మూడు నెలల్లో తీయించిన స్కానింగ్ రిపోర్టును ఎక్కడికి వెళ్లినా వెంట ఉంచుకోవాలి. నిజంగా నొప్పులు మొదలైతే మాత్రం ఆలస్యం చేయరాదు. పెద్దాసుపత్రికి పంపేముందు ఏఎన్ఎం తొలి డోసు ఇస్తానంటే వద్దనకండి.

మధుమేహం ఉన్న తల్లికి కొన్ని రోజులపాటు చక్కెర బాగా పెరుగుతుంది కనుక తరచూ పరీక్షించుకోవాలి. జ్వరం ఉన్నా, ఉమ్మనీరు దుర్వాసన వేస్తున్నా ఇంజెక్షన్‌కు ముందే డాక్టరుకు చెప్పాలి. తర్వాత ఒకటి రెండు రోజులు బిడ్డ కదలికలు కొంత మందగించవచ్చు. అది మందు ప్రభావమేనని ఇంట్లోనే తేల్చుకోకుండా ఆసుపత్రిలో చూపించుకోవాలి. ఇక ఒళ్లు నొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలను సొంతంగా వేసుకోకూడదు. అవి పైన చెప్పిన డక్టస్ ఆర్టీరియోసస్ నాళాన్నే పుట్టుకకు ముందే బిగించి, ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెంచగలవు.