పొడి పరిశ్రమల్లో విద్యుత్ పరికరాలు: ఎంపిక, సంరక్షణ

పంచదార, గోధుమపిండి, పసుపు వంటి పొడులు కుప్పగా ఉన్నప్పుడు నెమ్మదిగా కాలినా, గాలిలో దట్టంగా లేచి మూసిన చోట నిప్పు తగిలితే ఒక్క క్షణంలో పేలిపోతాయి. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో, సైలోల (పొడిని నిల్వచేసే ఎత్తైన గోపురాల) కింద రేకులతో మూసిన కన్వేయర్‌లో (సరుకు మోసే బెల్టులో) మొదలైన పేలుడు, దూలాల మీద పేరుకున్న పంచదార ధూళిని లేపి వరుస పేలుళ్లుగా మారి 14 మందిని బలిగొంది. వేడెక్కిన బేరింగ్ అందుకు కారణమై ఉండవచ్చని దర్యాప్తు భావించింది.

పరికరం కొనే ముందు స్థలాన్ని విభజించాలి. ధూళి మేఘం ఎప్పుడూ ఉండే సైలో లోపలి భాగం జోన్ 20, మామూలు పనిలో అప్పుడప్పుడు లేచే బస్తాలు నింపే చోటు జోన్ 21, అరుదుగా కొద్దిసేపు మాత్రమే లేచే పరిసరాలు జోన్ 22 అవుతాయి.

తరువాత చూడవలసింది పరికరం పైభాగపు గరిష్ఠ వేడి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మేఘం అంటుకునే ఉష్ణోగ్రతలో మూడింట రెండు వంతులు ఒక హద్దు, పరికరం మీద పేరుకున్న 5 మిల్లీమీటర్ల ధూళి పొర అంటుకునే ఉష్ణోగ్రత నుంచి 75 డిగ్రీలు తీసివేయగా వచ్చేది రెండో హద్దు, వీటిలో తక్కువదాన్నే పాటించాలి. ఉదాహరణకు మేఘానికి 390, పొరకు 300 డిగ్రీలు అనుకుంటే హద్దులు 260, 225 అవుతాయి కనుక, నేమ్‌ప్లేటు మీద 225కు మించిన పరికరం పనికిరాదు. పొర ఇంకా మందమైతే అది మోటారుకు దుప్పటిలా మారి వేడిని పోనివ్వదు కాబట్టి హద్దును మరింత తగ్గించాలి. వేగాన్ని మార్చే డ్రైవ్‌తో తక్కువ వేగంలో నడిపే మోటారుకు సొంత ఫ్యాన్ గాలి చాలదు. దానికి వైండింగ్‌లో (లోపలి తీగచుట్టలో) వేడిని పసిగట్టే థర్మిస్టర్ అమర్చి, వేడి మించితే కరెంటు ఆపే ట్రిప్‌కు కలపడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

వాడని కేబుల్ రంధ్రాలను ధృవీకరించిన ప్లగ్గులతోనే మూయాలి. పైపులు, ఎలివేటర్లు, డస్ట్ కలెక్టర్లు అన్నిటినీ ఎర్తింగ్‌కు కలపాలి. పేరుకున్న ధూళిని గాలిగొట్టంతో ఊదకుండా, ఆ జోన్‌కు తగిన వాక్యూమ్‌తో తీయాలి. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్ కూడా ధూళి పేరుకోకుండా చూడాలని, నిప్పు పుట్టే మూలాలను దూరంగా ఉంచాలని ఆదేశించింది.

ప్యానెల్ తెరిచే ముందు కరెంటు తీసి తాళం వేసి, చుట్టూ ఉన్న ధూళి తొలగించిన తరువాతే మూత కదిలించాలి. మూసేటప్పుడు గాస్కెట్ (మూత అంచున ధూళి చొరకుండా ఉంచే పట్టీ) చిరగలేదని చూసి, ప్రతి బోల్టూ బిగించాలి.